క్లచ్ ఎయిర్ తీసే చేతి పంపు: 1,480 పెట్టి కొంటే సగం పని చేసింది, మిగతా సగం 60 రూపాయల సిరంజి చేసింది

క్లచ్ ఆయిల్ లైన్లో చేరిన గాలిని పీల్చి తీసే ఈ వ్యాక్యూమ్ పంపు కిట్ కొని రెండు నెలలు దాటింది. వాడిన రోజు రాత్రే రివ్యూ రాద్దామనుకున్నా గానీ ఆ మూడ్‌లో రాసుంటే ఒక్క స్టార్ ఇచ్చేవాణ్ణి, అదీ నాలుగు బూతులు కలిపి. ఇప్పుడు కోపం దిగింది, కారు బానే నడుస్తోంది, అందుకని కాస్త కుదురుగా రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపికుంటే చదవండి, లేదంటే టైటిల్‌లోనే ఉంది విషయం.

కిట్ మీద చెప్పుకోదగ్గ బ్రాండ్ పేరేమీ లేదు, నాలుగైదు పేర్లతో ఇదే వస్తువు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు, ఫొటోలు కూడా అవే. నేను కొన్నప్పుడు 1,480. నల్ల ప్లాస్టిక్ పెట్టె, అందులో తుపాకీలాగా పట్టుకుని నొక్కే చేతి పంపు, దాని నెత్తిన గుండ్రటి గేజ్, మూత మీద రెండు ముక్కులున్న చిన్న డబ్బా, మూడు నాలుగు ముక్కలు పైపు, గుప్పెడు రబ్బరు అడాప్టర్లు. మాన్యువల్ అని ఒక కాయితం ఉంది, అందులో బొమ్మలు చూసి అర్థం చేసుకోవాల్సిందే, అక్షరాలు చీమకి కూడా కనిపించవు.

అసలు దీనితో నాకేం పని పడిందంటే. నాది 2013 డీజిల్ సెడాన్, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది, కంపెనీ ఏదైతే ఏంలే, హైడ్రాలిక్ క్లచ్ (కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) ఉన్న బండి ఏదైనా ఇదే కథ. మే నెల్లో ఒక పొద్దున అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోంచి వెనక్కి తీద్దామని రివర్స్ వేస్తే గర్ర్‌ర్ అని ఒక్క అరుపు, పైఫ్లోర్ అంకుల్ బాల్కనీలోకి వచ్చి చూశాడు. క్లచ్ రెండు సార్లు గబగబా నొక్కి వేస్తే మళ్ళీ మెత్తగా పడింది. సర్లే చల్లగా ఉంది కదా అనుకున్నా (విజయవాడలో మే నెల, చల్లగా అంట, మనసుకి సర్దిచెప్పుకోవడానికి ఏదో ఒకటి). వారం తిరక్కుండా బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఫస్ట్ గేర్ పడనని మొండికేసింది, ఇంజన్ ఆపి గేరేసి మళ్ళీ స్టార్ట్ చేసుకుని బయటపడ్డా, వెనక ఆటోవాళ్ళ దీవెనలు తీసుకుంటూ.

ఇంజన్ ఆఫ్‌లో గేర్లు హాయిగా పడుతున్నాయి, ఆన్‌లో పడట్లేదు, పెడల్ రెండు మూడు సార్లు పంప్ చేస్తే పడుతున్నాయి. ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది క్లచ్ ప్లేట్‌ని కాదు, ఆయిల్ లైన్‌ని. నాకప్పటికి ఇది తెలీదు. ఒక పెద్ద గ్యారేజ్‌కి తీసుకెళ్తే, అక్కడ కుర్రాడు బానెట్ కూడా ఎత్తకుండా, "సార్ క్లచ్ సెట్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి, పదహారు వేలు అవుద్ది, రెండ్రోజులు బండి వదలండి" అన్నాడు. పేరు చెప్పను గానీ ఏసీ వెయిటింగ్ రూమ్, కాఫీ మెషిన్ ఉన్న చోటే.

అక్కణ్ణించి తిన్నగా ఆటోనగర్ పోయా. మా నాన్న కాలం నుంచి మా బండ్లు చూసే మేస్త్రి గారు ఒకాయన ఉన్నారు. ఆయన ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా చూశారు (నా బండిలో క్లచ్‌కీ ఇందులోంచే ఆయిల్ పోతుంది), లెవెల్ మినిమం గీత కంటే కిందకుంది. తర్వాత డ్రైవర్ సీటు ముందు కూర్చుని పెడల్ వెనకాల వేలు పెట్టి తడిమారు, పొడిగా ఉంది. అప్పుడు గేర్‌బాక్స్ పైన స్లేవ్ సిలిండర్ (పెడల్ నుంచి వచ్చే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది) దగ్గర చెయ్యి పెట్టి, దాని చివర ఉండే రబ్బరు టోపీ అంచుని గోరుతో అలా పైకి లేపారంతే, నల్లటి ఆయిల్ రెండు చుక్కలు ఆయన మణికట్టు మీదుగా జారాయి. "క్లచ్ ప్లేట్ కాదు నాయనా, స్లేవ్ కారుతుంది. సిలిండర్ మార్చి ఎయిర్ తీస్తే సరిపోద్ది" అన్నారు. పదహారు వేల జబ్బు ఒక్క గోటితో తేలిపోయింది.

మరి ఆయన చేతే చేయించుకోక నీకెందుకు ఈ పంపులు గింపులు అంటారేమో. ఆయన మర్నాడే మనవరాలి పెళ్ళికి ఊరెళ్తున్నారు, పది రోజులు రారు. పక్క షెడ్‌లో చేయించుకో అన్నారు గానీ ఆ షెడ్‌లో మూత సరిగ్గా లేని బ్రేక్ ఆయిల్ డబ్బా అల్మరాలో దుమ్ము పట్టి ఎప్పట్నుంచో ఉంది, అదే పోస్తారని తెలుసు. ఈ ఆయిల్‌కి గాల్లో తేమ పీల్చుకునే గుణం ఉంటుంది, మూత తీసిన డబ్బా నెలల తరబడి అలా పెడితే నీళ్ళు కలిపినట్టే. డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక గ్రేడ్) ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి, నీళ్ళు పట్టాక ఆ లెక్క 155కి పడిపోతుంది, డాట్ 3 అయితే 205 నుంచి 140కి. క్లచ్‌కి అంత వేడి ఎక్కడ తగులుద్ది అంటారా, నా బండిలో, మన రోడ్ల మీదున్న చాలా బండ్లలో క్లచ్‌కీ బ్రేకులకీ ఒకటే డబ్బా. క్లచ్ కోసం పోసిన పాత ఆయిలే రేపు శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల్లోకీ పోద్ది. అందుకని నేనే చేసుకుందాం అని డిసైడ్ అయ్యా. స్లేవ్ సిలిండర్ ఆటోనగర్లోనే కొన్నా, సీలు తీయని డాట్ 4 అర లీటర్ డబ్బా కొన్నా (బండిలో ఆయిల్ డబ్బా మూత మీద ఏం రాసుంటే అదే కొనాలి, డాట్ 5 అని ఒకటుంటుంది, అది సిలికాన్, మన బండ్లలో పొయ్యకూడదు, డాట్ 5.1 అనేది మళ్ళీ వేరు, ఈ పేర్లు పెట్టినవాణ్ణి పట్టుకుని అడగాలి). పంపు ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టా.

ఒక్క మాట ఇక్కడే చెప్పుకోవాలి. స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ బయట ఉన్న బండి అయితేనే ఇదంతా ఇంట్లో చేసుకునే పని. కొన్ని బండ్లలో అది గేర్‌బాక్స్ లోపల, షాఫ్ట్ చుట్టూ చేతి గాజులాగా ఉంటుంది, అది కారిందంటే నిజంగానే గేర్‌బాక్స్ దించాలి, అక్కడ గ్యారేజ్ వాడు అబద్ధం చెప్తున్నాడని గొడవేసుకోకండి. మారుతి చిన్న బండ్లు చాలావాటికి కేబుల్ క్లచ్, వాటికి ఈ ఎయిర్ గోలే లేదు.

ఆదివారం పొద్దున్నే ఎండ ఎక్కకముందు మొదలెట్టాం. మాకు సాయం మా బామ్మర్ది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీస్తే స్లేవ్ ఎదురుగా కనిపిస్తుంది, జాకీ కూడా అక్కర్లేదు నా బండికి. రెండు బోల్టులు, ఒక పైపు, పాతది ఊడదీసి కొత్తది పెట్టడానికి ఇరవై నిమిషాలు. ఇంతవరకూ హీరోలం.

అప్పుడు కిట్ తీశాం. ముందు నాకు నచ్చిన పని చెప్తా. రిజర్వాయర్లో, అంటే బండిలో ఆయిల్ ఉండే డబ్బాలో, మిగిలిన పాత ఆయిల్‌ని ఈ పంపుతో లాగేస్తే అద్భుతంగా వచ్చింది. కిట్‌లోని డబ్బాకి ఒక ముక్కుకి పంపు, ఇంకో ముక్కుకి పైపు, పైపు కొస రిజర్వాయర్లో ముంచి నాలుగు నొక్కులు నొక్కితే టీ డికాక్షన్ లాంటి ఆయిల్ సరసరా వచ్చి పడింది. అడుగున నల్లటి బురద కూడా వచ్చింది, అది సిలిండర్ల లోపల ఆయిల్ కారకుండా ఆపే కప్పు వాషర్లు అరిగిన రబ్బరు. ఆ ఒక్క పనికి మాత్రం ఫుల్ మార్కులు. రిజర్వాయర్‌ని మొత్తం ఖాళీ చెయ్యొద్దు గానీ, బ్రేకుల్లోకి గాలి పోతే అదింకో తలనొప్పి. ఈ ఉమ్మడి డబ్బాల్లో క్లచ్‌కి వెళ్ళే గొట్టం కాస్త పైన పెడతారు, క్లచ్ లైన్ ఎంత కారినా బ్రేకులకి సరిపడా ఆయిల్ అడుగున మిగలాలని. నాకు గేర్లు పడకపోయినా బ్రేకులు బాగానే పడ్డది అందుకే. ఎవరు ఆలోచించారో గానీ వాళ్ళకి దండం పెట్టాలి.

కొత్త ఆయిల్ పోసి, స్లేవ్ మీద నిపుల్‌కి (లూజ్ చేస్తే ఆయిల్, గాలి బయటికొచ్చే చిన్న బోలు స్క్రూ) రింగు పానా తొడిగి, దాని మీద పైపు బిగించి పంపు నొక్కడం మొదలెట్టా. గేజ్ మీద 20 దాటింది, పాదరసం అంగుళాల లెక్క అది, పూర్తి శూన్యం అంటే 30కి కొంచెం తక్కువ, కాబట్టి 20 అంటే మంచి లాగుడే. నిపుల్ అర చుట్టు లూజ్ చేశా. ఆయిల్ వచ్చింది, దాంతోపాటు బుడగలు. సంతోషం, గాలి బయటికొస్తోంది అనుకున్నా. ఐదు నిమిషాలు, బుడగలు. పది నిమిషాలు, బుడగలు. డబ్బా సగం నిండింది, పైన రిజర్వాయర్లో రెండు సార్లు పోశాం, సన్నగా సోడా పొంగినట్టు బుడగలు వస్తూనే ఉన్నాయి. ఇంత చిన్న లైన్లో ఇంత గాలి ఎక్కణ్ణించి వస్తుందిరా బాబూ అని మా వాడు నన్నూ నేను పంపునీ చూసుకున్నాం.

అసలు సంగతి ఏంటంటే ఆ గాలి లైన్లోది కాదు. నిపుల్ లూజ్ చేశాక దాని మరల సందుల్లోంచి బయట గాలిని పంపు పీల్చుకుంటోంది. ఈ కిట్ కొన్నవాళ్ళలో సగం మంది పంపు పాడైందని వాపస్ చేసేది దీనివల్లే అని నా అనుమానం. దానికి చిట్కా ఏంటంటే నిపుల్ పూర్తిగా విప్పి, మరల మీద ప్లంబర్లు కుళాయికి చుట్టే తెల్ల టేపు రెండు చుట్లు చుట్టాలి, కొసన సూదిగా ఉండే భాగానికి, ఆయిల్ వచ్చే చిల్లుకీ అంటకుండా. లేదా నిపుల్ మొదట్లో చుట్టూ గ్రీజు మందంగా పుయ్యాలి. నేను గ్రీజు రాశా, బుడగలు చాలా వరకు తగ్గాయి, అక్కడొకటి అక్కడొకటి మిగిలాయి. మాన్యువల్లో ఈ ముక్క ఒక్క లైన్ రాసుంటే నాకు గంట టైమ్, పావు లీటర్ ఆయిల్ మిగిలేవి.

కిట్‌తో మిగతా చికాకులు కూడా ఇక్కడే చెప్పేస్తా. రబ్బరు అడాప్టర్లు పదో పన్నెండో ఇచ్చాడు గానీ నా నిపుల్‌కి ఒక్కటీ సరిగ్గా కూర్చోలేదు, ఒకటి వదులు, ఇంకోటి ఎక్కదు, చివరికి పైపుని నేరుగా తొడిగి ఒక ప్లాస్టిక్ టై బిగించాల్సొచ్చింది. డబ్బా మూత మరలు క్రాస్‌గా పడతాయి, చూసుకోకపోతే అక్కడ కూడా గాలి లాగుద్ది. డబ్బా నిండా నిండనిచ్చినా, పక్కకి ఒరిగినా ఆయిల్ పంపులోకి పోతుంది, పోతే పంపు లోపల వాషర్ పని అయిపోయినట్టే, ఆ డబ్బాని వేలాడదీసే కొక్కెం ఒకటి ఇచ్చుంటే బాగుండేది, నేను బానెట్ కడ్డీకి దారంతో కట్టా. పంపు హ్యాండిల్ స్ప్రింగ్ మాత్రం గట్టిది, గేజ్ కూడా నమ్మకంగానే ఉంది, వేలుతో కొస మూసి 20 దగ్గర వదిలేస్తే ఐదు నిమిషాలకి కూడా ముల్లు కదల్లేదు. కొన్న వెంటనే ఈ టెస్ట్ చేసుకోండి, ముల్లు దిగితే అప్పుడు వాపస్ పెట్టండి.

ఇంతకీ పెడల్ సంగతి. నిపుల్ టైట్ చేసి మా వాణ్ణి నొక్కమన్నా.

"బావా, ఇది పోతూనే ఉంది."

"ఎక్కడిదాకా?"

"మ్యాట్ దాకా. మళ్ళీ పైకి రావట్లేదు కూడా, కాలు పెట్టి లేపమంటావా?"

"కాలు కాదురా, చేత్తో లేపు."

లైన్లో గాలి ఉన్నప్పుడు పెడల్ దానంతటది పైకి రాదు, కింద చచ్చినట్టు పడుంటుంది, భయపడక్కర్లేదు, చేత్తో లాగి మళ్ళీ నొక్కాలి. మేం సరే అని పాత పద్ధతిలోకి దిగాం, ఒకడు నొక్కి పట్టుకోవడం, ఒకడు నిపుల్ లూజ్ చేసి బిగించడం. దీంట్లో రూల్ ఒక్కటే, నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి, ముందే వదిలితే బయటికి పోయిన గాలి అంతా మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. "నొక్కు, పట్టుకో, వదులు" అని అరుచుకుంటూ ఇరవై సార్లు చేశాం, మా వాడు మధ్యలో ఫోన్ మోగిందని ఒకసారి, దోమ కుట్టిందని ఒకసారి ముందే వదిలేశాడు. ఇరవై సార్లు అయ్యాక పెడల్ సగానికి గట్టిపడింది. రివర్స్ వేస్తే మళ్ళీ గర్ర్. పైఫ్లోర్ అంకుల్ మళ్ళీ బాల్కనీ.

ఇంకా ఎంత గాలుంటుంది మహా అయితే అనిపిస్తుంది కదా. నాకూ అనిపించి, మధ్యాహ్నం అన్నం తిని కూర్చుని లెక్కేశా. స్లేవ్ సిలిండర్ లోపలి వ్యాసం మూడు పావుల అంగుళం అనుకుందాం, అంటే 19 ఎంఎం. అది తోసే కడ్డీ, పుష్ రాడ్, కదిలేది ఒకటీ ఒకటింబావు సెంటీమీటర్. గుణిస్తే మూడు, మూడున్నర సీసీ. అంటే పెడల్ పూర్తిగా నొక్కితే కదిలే ఆయిల్ మొత్తం కలిపి టీ చెంచా కూడా నిండదు. అందులో ఒక్క సీసీ గాలి ఉందనుకోండి, నొక్కగానే అది నలిగి ఏమీ లేనట్టు అయిపోతుంది, పావు వంతు పైన కదలిక అక్కడే మాయం, క్లచ్ పూర్తిగా విడవదు, గేర్ అరుస్తుంది. బ్రేకుల్లో కాస్త గాలుంటే మెత్తగా తగిలినా ఎలాగో ఆగుతుంది, క్లచ్ దగ్గర ఒక చిన్న బుడగ చాలు ఆట ఆడించడానికి.

ఆ బుడగ ఎక్కడ దాక్కుంటుందంటే, నా బండిలో మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసేది) నుంచి పైపు స్లేవ్ దాకా తిన్నగా రాదు, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) దగ్గర ఒక వంపు పైకి లేచి మళ్ళీ కిందకి దిగుతుంది. గాలి పోయి ఆ వంపు నెత్తిన కూర్చుంటుంది. మనం పంపుతో కిందకి లాగుతాం, గాలి పైకి పోతానంటుంది. ఆ సన్నటి నిపుల్ చిల్లులోంచి ఆయిల్ నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఆ బుడగని కిందకి ఈడ్చుకొచ్చే వేగం దానికి చాలదు. పైగా మాస్టర్, స్లేవ్ లోపల కప్పు వాషర్లు లోపల్నుంచి నొక్కితే విచ్చుకుని పట్టుకునేలా చేసినవి, బయటికి పీల్చితే వాటి అంచుల్లోంచి కూడా గాలి దూరే ఛాన్స్ ఉంది. అంటే ఈ వ్యాక్యూమ్ పంపు క్లచ్ దగ్గర పుట్టుకతోనే ఎదురీత ఈదుతోంది. ఇది అమ్మేవాడు చెప్పడు.

ఆటోనగర్ మేస్త్రి గారికి ఫోన్ చేశా, వెనక సన్నాయి వినబడుతోంది. విషయం చెప్తే నవ్వి, "కింద నుంచి నొక్కు నాయనా, గాలిని అది పోయే దారినే పోనివ్వు" అని పెట్టేశారు.

మెడికల్ షాపులో 100 ఎంఎల్ సిరంజి 60 రూపాయలు, అక్వేరియం షాపులో గాలి మోటారుకి పెట్టే పైపు ఒక మీటరు 20 రూపాయలు. పైపు కొసని వేడి నీళ్ళలో ముంచి తీస్తే మెత్తబడి నిపుల్ మీద బిగుతుగా ఎక్కింది, కిట్‌లో పన్నెండు అడాప్టర్లు చెయ్యలేని పని. సిరంజిలో కొత్త ఆయిల్ నింపి, మూతి పైకి పెట్టి, డాక్టర్లు కొట్టినట్టు వేలితో రెండు సార్లు కొట్టి లోపల బుడగలు పోగొట్టి, పైపు కొస నుంచి ఆయిల్ చుక్క కనిపించేదాకా నొక్కి అప్పుడు తొడిగా. పైన రిజర్వాయర్లో సగం ఆయిల్ కిట్ పంపుతో లాగేశాం, లేకపోతే కింద నుంచి వచ్చేది పొంగి పెయింట్ మీద పడుతుంది. ఈ ఆయిల్ పెయింట్ మీద పడితే పొక్కులు లేచి ఊడిపోద్ది, తుడవడం కాదు, వెంటనే బోలెడు నీళ్ళు పొయ్యాలి, నీళ్ళలో కలిసి పోతుంది. మేం ఫెండర్ మీద పాత దుప్పటి తడిపి వేశాం.

నిపుల్ అర చుట్టు లూజ్ చేసి సిరంజి మెల్లగా, చాలా మెల్లగా నొక్కా. మా వాడు టార్చ్ పట్టుకుని రిజర్వాయర్లోకి తొంగి చూస్తున్నాడు. ముప్పై ఎంఎల్ పోయిందాకా ఏం లేదు. తర్వాత, "బావా బావా, వచ్చింది!" అని ఒక్క కేక. గోలీ సోడా కొట్టినప్పుడు లేచినట్టు గుడగుడమని నాలుగు పెద్ద బుడగలు, వాటి వెనకాల సన్న బుడగల దండ ఒకటి, తర్వాత ఆయిల్ నున్నగా పైకి రావడం మొదలెట్టింది. ఇంకో యాభై ఎంఎల్ ఎక్కించి, సిరంజి మీద ఒత్తిడి వదలకుండానే నిపుల్ బిగించా. నిపుల్ని మరీ బలం పెట్టి బిగించకండి, లోపల బోలుగా ఉండే చిన్న స్క్రూ అది, పుటుక్కుమంటే మళ్ళీ కొత్త స్లేవ్. రింగు పానాయే వాడండి, నోరు తెరిచిన పానాతో తిప్పితే మూలలు అరిగిపోతాయి.

పెడల్ పది సార్లు నొక్కేసరికి పైకి లేచి గట్టిగా నిలబడింది. ఇంజన్ ఆన్ చేసి, క్లచ్ నొక్కి పది లెక్కపెట్టి రివర్స్ వేశా. చప్పుడు లేదు. మళ్ళీ వేశా. లేదు. అంకుల్ కూడా రాలేదు, అదే సర్టిఫికెట్. మొత్తం సిరంజి పని పదిహేను నిమిషాలు. పొద్దున్నుంచీ పడ్డ పాట్లు నాలుగున్నర గంటలు.

సిరంజి ఉంటే మరి కిట్ దేనికి అనే ప్రశ్న వస్తుంది. నేనూ అదే ఆలోచించి వాపస్ పెడదామనుకున్నా, ఆగా. కింద నుంచి నొక్కితే స్లేవ్ అడుగున ఉన్న మడ్డి అంతా మాస్టర్ సిలిండర్లోకీ, అక్కణ్ణించి రిజర్వాయర్లోకీ పోతుంది, అది బ్రేకులతో ఉమ్మడి డబ్బా. కాబట్టి ముందు పాత ఆయిల్ కిందకి లాగేసి లైన్ కడగాలి, ఆ తర్వాతే సిరంజి. ఆ కడిగే పని, రిజర్వాయర్ తోడే పని ఈ పంపు ఒక్కడే ఉన్నా చేసిపెడుతుంది, పెడల్ మీద బామ్మర్ది అక్కర్లేదు. నా బండి స్లేవ్ కొత్తది కాబట్టి మడ్డి భయం తక్కువ, మీది పాతదైతే తప్పకుండా ముందు ఇది చెయ్యండి. ఇంకోటి, డీజిల్ బండి ఉన్నవాళ్ళకి బోనస్, టర్బోని కంట్రోల్ చేసే యాక్చుయేటర్ చాలా బండ్లలో వ్యాక్యూమ్‌తో పనిచేస్తుంది, దాని గొట్టం పీకి ఈ పంపు తగిలించి నొక్కితే రాడ్ కదులుతుందా, ముల్లు నిలబడుతుందా దిగిపోతుందా చూస్తే దాని లోపలి పొర, డయాఫ్రం, చిరిగిందో లేదో నిమిషంలో తెలిసిపోతుంది. మొన్న మా ఆఫీసులో ఒకాయన బండి పికప్ లేదంటే ఇలాగే చూశాం, ముల్లు నిలబడలేదు, నొక్కిన వెంటనే సున్నాకి జారింది. ఆ గేజ్ కోసమైనా ఉంచుకున్నా.

వంద రూపాయల్లో పని అయిపోవాలి అనుకునేవాళ్ళు, ఆయిల్ కొత్తగానే ఉంది, ఎయిర్ ఒక్కటే తియ్యాలి అనేవాళ్ళు ఈ కిట్ కొనొద్దు, సిరంజి చాలు. సిరంజి మాత్రం ఒక్కసారికే, ఈ ఆయిల్ తగిలాక కాసేపటికి లోపల రబ్బరు బిగుసుకుపోయి నొక్కలేం, మళ్ళీ దాచుకుని వాడదాం అనుకోకండి. చేతులకి గ్లౌజులు, కళ్ళకి ఏదో ఒక అద్దాలు పెట్టుకోండి, నిపుల్ దగ్గర పైపు ఊడితే ఆయిల్ మొహం మీదకే చిమ్ముద్ది, నాకు గడ్డం దగ్గర పడింది, మంట. తీసేసిన పాత ఆయిల్ డ్రైనేజీలో పొయ్యకండి, నేను పాత సీసాలో పోసి ఆటోనగర్లో వాడేసిన ఇంజన్ ఆయిల్ తీసుకునేవాళ్ళ దగ్గర ఇచ్చా.

అలాగే ఎక్కడా కారకుండా లైన్లోకి గాలి దానంతటది రాదు. కారేది వదిలేసి ఎయిర్ మాత్రమే తీస్తే వారం పది రోజులు బాగుండి మళ్ళీ మొదటికొస్తుంది, పంపుని తిట్టుకోవడం తప్ప లాభం లేదు. స్లేవ్ పొడిగా ఉండి, పెడల్ వెనకాల మ్యాట్ మీద తడి ఉంటే మాస్టర్ పోయినట్టు. ఎక్కడా తడి లేకుండానే సిగ్నల్లో నొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా దిగిపోతుంటే కూడా మాస్టరే, లోపల వాషర్ ఆయిల్‌ని వెనక్కి వదిలేస్తోందన్నమాట.

రేటింగ్ అయితే 5కి 3. అడాప్టర్లకి ఒకటి, మాన్యువల్‌కి ఒకటి కోశా. పని అయిన రోజు రిజర్వాయర్ మీద ఆయిల్ ఎక్కడుందో అక్కడ నల్ల మార్కర్‌తో గీత గీసి తేదీ వేశా, ప్రతి ఆదివారం బండి కడిగేటప్పుడు చూస్తున్నా. నిన్న పొద్దున కూడా గీత మీదే ఉంది.